పిలుపులమ్మ నోటుబుక్కు

ఆసుపత్రి రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి పక్క మూడో గదిలో ఒక కుర్చీ ఉంది. చెక్క చేతులు, నీలం గుడ్డ, సీటు మధ్యలో కాస్త దిగబడి ఉంటుంది. దానికి ఎదురుగా బల్ల, బల్ల మీద అగ్గిపెట్టెంత రికార్డరు, పక్కన కాగితపు రుమాళ్ల డబ్బా. ఏడుపొస్తే తుడుచుకోవడానికి. ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుని తమ జబ్బు గురించి, ఇంటి గురించి, డాక్టర్ల గురించి గంటసేపు మాట్లాడాలి. ఆ మాటలన్నీ టైపు చేసి, చదివి, మళ్లీ చదివి, పెద్ద చదువులు చదివినవాళ్లు రిపోర్టులు రాస్తారు. ఆ రిపోర్టులు చూసి, ఏ క్లినిక్ ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు తెరవాలో పైవాళ్లు నిర్ణయిస్తారు. వాళ్ల భాషలో దీన్ని స్టడీ అంటారు.

ఆ కుర్చీని పంతొమ్మిదేళ్లుగా ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండనివ్వని మనిషి పిలుపులమ్మ.

అది ఆమె అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఆమె పని మనుషుల్ని పిలుచుకు రావడం, వాళ్ల మాటని ఆఫీసు భాషలోకి మార్చి చెప్పడం. వీధిలో ఆమె కనబడితే చాలు, "అదిగో, ఎవరికో మూడింది" అని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. "మూడలేదు, మాట్లాడితే చాలు. టీ, బిస్కెట్లు ఇస్తారు. బస్సు టికెట్టు కూడా ఇస్తారు" అనేది. ఆమె పిలిస్తే కాదనడం కష్టం. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి. ఒకసారి కాదంటే రెండోసారి వస్తుంది, రెండోసారి కాదంటే మూడోసారి మీ అమ్మని వెంటబెట్టుకుని వస్తుంది.

ఒకప్పుడు ఆ కుర్చీలో ఒకే రంగు, ఒకే భాషవాళ్లు కూర్చునేవాళ్లు. అడిగేవాళ్లూ వాళ్లే, చెప్పేవాళ్లూ వాళ్లే, రాసేవాళ్లూ వాళ్లే. తర్వాత పైనుంచి ఆర్డరు వచ్చింది. ఈ ఊళ్లో ఎన్ని రంగుల మనుషులున్నారో, ఎన్ని జాతులవాళ్లు, ఎన్ని భాషలవాళ్లున్నారో, అందరి మాటా స్టడీలో ఉండాలని. మంచి ఆర్డరే. కాని ఆ మనుషుల్ని ఎక్కడినుంచి తేవాలో అందులో రాయలేదు. ఆఫీసువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులు తిరిగి తిరిగి, మూడో వార్డులో నేల తుడుస్తున్న ఒకామె దగ్గర ఆగాయి.

ఆ రోజుల్లో ఆమె వార్డు ఆయా. పంతొమ్మిదేళ్లకే పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చింది. ఆఫీసు భాష ఎవరూ నేర్పలేదు. తలుపుల మీద రాతలు చూసి, రోగులు తిట్టే తిట్లు విని నేర్చుకుంది. అందుకే ఆమెకి ముందు తిట్లు వచ్చాయి, మర్యాదలు తర్వాత వచ్చాయి. ఒకరోజు పెద్ద డాక్టరమ్మ ఒక ముసలాయనకి మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పలేక తంటాలు పడుతుంటే, ఈమె చీపురు గోడకి ఆనించి రెండు ముక్కల్లో చెప్పేసింది. అంతే. ఆరు నెలలు తిరిగేసరికి ఆమెకి మెడలో కార్డు, రెండో అంతస్తులో బల్ల, ఒక ఫోను వచ్చాయి.

నోటుబుక్కు మాత్రం ఆమె సొంతం. ఎర్ర అట్ట, మూలలు నలిగి, రబ్బరు బ్యాండు చుట్టి ఉంటుంది. అందులో తమ జనంలో ఎవరు ఎక్కడుంటారో, ఎవరికి ఏ జబ్బో అంతా ఉంది. ఒక్కో పేరు పక్కన ఒక్కో గుర్తు. వచ్చి బాగా మాట్లాడినవాళ్లకి టిక్కు. వచ్చి మాట్లాడనివాళ్లకి అడ్డగీత. గీత పడితే ఆ పేరు జోలికి మళ్లీ పోదు. పన్నెండు మందిని తెమ్మని గడువు పెట్టి నెత్తిన కూర్చుంటే, మాట్లాడనివాళ్ల దగ్గర కాలక్షేపం చేసే తీరిక ఎవరికుంది?

టిక్కుల్లో మొదటి టిక్కు ఆమె ఆడపడుచుది, అంటే వరసకి వదిన. వదిన మాటల పుట్ట. కదిపితే చాలు. కుర్చీలో కూర్చోగానే చెంగు సర్దుకుని, రికార్డరు వైపు కాస్త వంగి, "మా వాళ్లకి సిగ్గెక్కువండీ" అని మొదలుపెట్టేది. మొదట బీపీ స్టడీలో మాట్లాడింది. తర్వాత నిద్ర మీద, మోకాళ్ల మీద, కాన్పుల మీద, ముసలితనం మీద, మనసులో దిగులు మీద మాట్లాడింది. కాగితాల మీద చూస్తే ఆవిడకి లేని జబ్బు లేదు. ఇంట్లో చూస్తే రాయిలా ఉండేది. "మా అక్క ఒంట్లో జబ్బులన్నీ ఆఫీసులోనే ఉంటాయి, ఇంటికి తెచ్చుకోదు" అని పిలుపులమ్మ మొగుడు వేళాకోళమాడేవాడు.

ఫారంలో వాళ్ల జనానికి ఒక గడి ఉండేది. ఒక్కటే గడి. అందులో టిక్కు పెడితే సరి. కాని ఆ గడిలో రెండు రకాల మనుషులున్నారని అప్పటికి ఆఫీసులో ఎవరికీ తెలియదు. సముద్రం వైపు నుంచి వచ్చినవాళ్లు ముందొచ్చారు, కొట్లు పెట్టారు, ఇళ్లు కట్టారు, అందరం కలిసి కట్టుకున్నాం అంటూ ఒక పెద్ద హాలు కట్టుకున్నారు. కొండవైపు వాళ్లు తర్వాత వచ్చారు. భాష ఒకటే, దేవుళ్లూ ఒకటే. కాని కొండవైపు వాళ్లు ఆ హాల్లో పెళ్లి భోజనానికి ఎప్పుడూ కూర్చోలేదు. పెళ్లయ్యాక గిన్నెలు తోమడానికి వచ్చేవాళ్లు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. గొడవలేం లేవు. అంతా మర్యాదగానే జరిగిపోతూ ఉంటుంది.

పిలుపులమ్మ పుట్టింది కొండవైపు ఇంట్లో. మెట్టింది సముద్రం వైపు వీధిలో. ప్రేమించి చేసుకున్న పెళ్లి. అత్తగారింట్లో అడుగుపెట్టిన మొదటి ఏడాదిలోనే ఆమె తన మాటలోని కొండ యాసని కడిగేసుకుంది. ఎవరూ కడగమనలేదు. ఆమే కడుక్కుంది. ఇది ఆమె ఎవరికీ చెప్పదు. నేను చెబుతున్నానంటే, చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు కనక.

ఆమెకి ఒక పిన్ని ఉంది. తల్లికి సొంత చెల్లెలు. ఆసుపత్రి బేస్‌మెంట్‌లో లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. రోగుల గౌన్లు, దుప్పట్లు, డాక్టర్ల తెల్లకోట్లు ముప్పై ఏళ్లుగా ఆవిడ చేతిమీదుగా పోతున్నాయి. పిలుపులమ్మకి ఆయా ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే. సూపర్‌వైజరు ముందు నిలబడి, తల వంచుకుని, "మా అక్క కూతురండీ" అని మూడే మాటలు చెప్పింది. ఆవిడ అంతకంటే ఎక్కువ మాట్లాడటం ఎవరూ వినలేదు.

పద్నాలుగేళ్ల కిందట షుగరు మీద మొదటి స్టడీ వచ్చినప్పుడు, పిలుపులమ్మ పిన్నిని పైకి తీసుకొచ్చి ఆ నీలం కుర్చీలో కూర్చోబెట్టింది. పిన్ని అంచు మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది, బల్ల మీద పెట్టింది, మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. షుగరు వల్ల ఏం ఇబ్బంది అని ఆఫీసు దొరసాని అడిగితే, పిలుపులమ్మ తమ భాషలో చెప్పింది. "బాగానే ఉంది" అంది పిన్ని. మందులు సరిగా అందుతున్నాయా అంటే "బాగానే ఉంది." డాక్టర్లు సరిగా చూస్తారా అంటే "బాగానే ఉంది." కడిగేసుకున్న యాస అంతా ఆ ఒక్క మాటలో గదినిండా వినిపిస్తుంటే పిలుపులమ్మకి చెవులు ఎర్రబడ్డాయి. చివరికి పిన్నే, "వెళ్లనా? గౌన్లు తడారిపోతే ముడతలు పోవు" అని లేచింది. ఆ సాయంత్రం పిలుపులమ్మ నోటుబుక్కు తీసి, పిన్ని పేరు పక్కన అడ్డగీత పెట్టింది. పెడుతున్నప్పుడు కాస్త జాలిపడింది, కాస్త సిగ్గుపడింది. తర్వాత మర్చిపోయింది.

రెండేళ్ల కిందట షుగరువాళ్ల పాదాలు చూడటానికి ఆసుపత్రివాళ్లు ఒక క్లినిక్ పెట్టాలనుకున్నారు. మీ వాళ్లకి ఎక్కడైతే బాగుంటుందని కుర్చీలో ఉన్నవాళ్లని అడిగారు. "హాల్లో పెట్టండి. అది అందరిదీ. అంతేగా మరి" అంది వదిన, ముక్కుతో చిన్నగా నవ్వి. హాల్లోనే పెట్టారు. ప్రతి బుధవారం పదింటికి. ముందు గుమ్మం మీద పెద్ద బోర్డు. బాగా నడిచింది. కాని వచ్చేవాళ్లంతా సముద్రం వైపు వీధివాళ్లే. దాంతో కిందటి స్టడీలో, పాదాల మీదే చేసినదాంట్లో, ఇంకా రానివాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. "కొండవైపు వాళ్లు కొందరున్నారు. వాళ్లు పిలిచినా రారు. ఒంటి మీద శ్రద్ధ తక్కువ. అంతేగా మరి" అంది వదిన. ఆవిడ మనసులో ఏ చెడూ లేదు. తనకి తెలిసింది చెప్పింది.

ఈ ఏడు ఆఫీసులోకి ఒక కొత్తమ్మాయి వచ్చింది. వాళ్ల జనం మరో రకం, ఆమె రంగు మరో రంగు, ఫారంలో ఆమె గడి మరో గడి. సన్నగా, చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లతో ఉండేది. అందరూ టైపు చేసిన కాగితాలు చదివితే, ఈ పిల్ల పాత రికార్డింగులు వినేది. వినడమంటే చెవిలో ఇల్లు కట్టుకున్నట్టు వినేది. అసలు గోల ఇక్కడే మొదలైంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ పిల్ల పిలుపులమ్మ బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, ఒక మాట అడగనా? మూడో స్టడీలో నాలుగో నంబరు, ఆరో స్టడీలో రెండో నంబరు, తొమ్మిదో స్టడీలో పదకొండో నంబరు. కాగితం మీద ముగ్గురు. వింటే ఒక్కరే. ఆ ముక్కుతో నవ్వడం, అంతేగా మరి అనడం."

కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. మాట్లాడినవాళ్ల గుట్టు కాపాడటానికి. ఆ గుట్టులోనే ఇదీ దాక్కుంది. పిలుపులమ్మ చెయ్యి నోటుబుక్కు మీదికి పోయింది.

"మాట్లాడేవాళ్లు దొరకడం అంత తేలికనుకున్నావా అమ్మాయ్?" అంది.

"తేలిక కాదు. నాకు తెలుసు" అంది ఆ పిల్ల మెల్లగా. "మా వాళ్ల పేరు చెప్పి రాసిన రిపోర్టులు కూడా చదివాను. మా అమ్మమ్మ లాంటివాళ్లు ఒక్కదాంట్లోనూ లేరు. మా నాన్నలాంటివాళ్లే ఉన్నారు. నాన్న బాగా మాట్లాడతాడు."

పిలుపులమ్మకి మొదట కోపం వచ్చింది. నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల తన పంతొమ్మిదేళ్ల పనిని వేలెత్తి చూపించినట్టు అనిపించింది. ఆ పిల్ల వెళ్లాక, ఏదో ఒకటి తేల్చుకోవాలన్నట్టు రబ్బరు బ్యాండు తీసి నోటుబుక్కు మొదటి పేజీ నుంచి తిరగేసింది. టిక్కులు ఇరవై మూడు. ఇరవై మూడు మందిదీ దాదాపు ఒకే వీధి. గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, అరవై దాటాక ఆపేసింది. గీతలున్న పేర్లన్నీ కొండవైపు పేర్లు. తన చేతిరాతే. ఎప్పుడూ చూడలేదు. ఒక్కొక్కటీ విడివిడిగా పెట్టింది కదా, అన్నీ కలిపి చూసే అవసరం రాలేదు.

ఆ మర్నాడే లాండ్రీ నుంచి కబురు తెలిసింది. కబురంటే ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు. లిఫ్టులో దుప్పట్ల బండి తోస్తున్న లాండ్రీ హెడ్డు కనబడితే, "మా పిన్ని ఎలా ఉంది?" అని మర్యాదకి అడిగింది.

"ఇవాళే డ్యూటీకి వచ్చింది" అన్నాడాయన. "వద్దన్నా వచ్చింది. ఎడమ కాలికి రెండు వేళ్లు తీసేశారు కదా. ఇదే ఆసుపత్రిలో, మూడో అంతస్తులో. మీకు తెలీదా? కుడికాలి మీద కూడా పుండు మొదలైందట."

పిలుపులమ్మకి తెలియదు. తను రెండో అంతస్తులో కూర్చుని పాదాల స్టడీకి మనుషుల్ని పోగేస్తుంటే, తలమీద ఒక్క అంతస్తు పైన సొంత పిన్ని వేళ్లు పోగొట్టుకుంది. తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, ఆమె అందులోనే నిలబడిపోయింది.

పాదాల రిపోర్టు శుక్రవారానికి పైకి పోవాలి. అందులో ఒక వాక్యం ఉంది. కొండవైపు వాళ్లు పిలిచినా రారు కనక, వాళ్లకోసం విడిగా అనుకున్న పాదాల నర్సుని ఇంకో ప్రాంతానికి పంపడం మంచిది అని. వాక్యం చిన్నదే. కాని ఆ నర్సు పోతే పిన్ని కుడికాలు ఎవరు చూస్తారు?

ఆమె పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లింది. పెద్ద డాక్టరమ్మ చెడ్డది కాదు. భోజనం కూడా కంప్యూటరు ముందే తినే మనిషి. ఆ సమయానికి రిపోర్టు మీదే ఉంది.

"మేడం, ఆ వాక్యం ఆపాలి" అంది పిలుపులమ్మ.

"ఏ వాక్యం?"

"పిలిచినా రారన్నది. చెప్పింది మా వదిన. ముందు స్టడీల్లో చెప్పిందీ చాలామటుకు మా వదినే. పదకొండు స్టడీల్లో ఉంది. మిగతావాళ్లు ఆవిడ ఇరుగుపొరుగు. అందర్నీ తెచ్చింది నేనే."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఉద్యోగం ఊడిందనే అనుకుంది పిలుపులమ్మ. మెడలో కార్డు బరువుగా అనిపించింది.

"అంటే ఆవిడ అబద్ధం చెప్పిందా?"

"లేదు మేడం. అబద్ధం చెప్పే మనిషి కాదు. తన సంగతి తను చెప్పింది. మనం దాన్ని అందరి సంగతీ అని రాసుకున్నాం."

"రాసుకున్నాం" అంది డాక్టరమ్మ, ఆ మాటని మళ్లీ తనే విన్నట్టు. "పన్నెండు మందిని తెమ్మన్నాం. తెచ్చారు. ఎవర్ని తెచ్చారని నేను కూడా ఒక్కసారి అడగలేదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "శుక్రవారం దాకా ఆపుతాను. కాని ఊరికే కొట్టెయ్యలేను. వాళ్లలో ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా" అంది.

పిలుపులమ్మ మెట్లు దిగింది. లిఫ్టు కోసం ఆగలేదు. రెండంతస్తులు, మళ్లీ ఇంకో అరంతస్తు. ఇన్నేళ్లలో ఆ మెట్లు ఎన్నిసార్లు దిగిందో వేళ్ల మీద చెప్పవచ్చు. పెళ్లి కబురుకి ఒకసారి, చావు కబురుకి ఒకసారి.

లాండ్రీలో ఆవిరి కమ్మేసి ఉంది. సబ్బు వాసన, కాలిన నూలు వాసన. వరసగా ఇస్త్రీ బల్లలు, చివరి బల్ల దగ్గర పిన్ని. ఎడమ కాలికి కట్టు, దాని మీద ఒక పెద్ద మగ చెప్పు. ఎవరిదో. ఒక గౌను పరిచి, భుజాల దగ్గర్నుంచి కిందికి ఇస్త్రీపెట్టె లాగుతోంది. అక్క కూతురు పక్కన నిలబడ్డా పని ఆపలేదు.

"పిన్నీ."

"ఊఁ."

"కాలి సంగతి నాకెందుకు చెప్పలేదు?"

పిన్ని గౌను తిరగేసింది. "నీకు పనులుంటాయి కదా" అంది.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. పిలుపులమ్మ గొంతు సవరించుకుని, తన ఆఫీసు గొంతు తెచ్చుకుంది.

"ఒక గంట పైకి రావాలి పిన్నీ. పాదాల గురించి మాట్లాడాలి. నువ్వు మాట్లాడితే నర్సుని ఆపుతారు."

"రాను. ఆ కుర్చీలో ఒకసారి కూర్చున్నాగా."

"కూర్చున్నావు. కాని ఏం చెప్పలేదు కదా."

పిన్ని చూపు ఆమె చంకలోని నోటుబుక్కు మీద పడింది. "అది ఆ పుస్తకమేనా? అందులో నా పేరుందా?" అంది. ఆవిడకి చదవడం రాదు. తన పేరు ఒక్కటి గుర్తుపడుతుంది. జీతం కాగితం మీద నెలనెలా చూస్తుంది కనక. పిలుపులమ్మ దాచాలనే అనుకుంది. అంతలోనే చేతులు వాటంతట అవే పేజీ తిప్పాయి. పిన్ని ఇస్త్రీపెట్టె నిలబెట్టి, వేలు పెట్టి వెతికి, తన పేరు పట్టుకుంది.

"ఈ గీతేంటి?"

పిలుపులమ్మ అబద్ధం వెతుక్కుంది. దొరకలేదు. "మాట్లాడరు అని" అంది.

పిన్ని ఆ గీతని కాసేపు చూసింది. కోపం లేదు, ఎవరో పరాయి మనిషి ఫొటో చూసినట్టు చూసింది. తర్వాత బుట్టలోంచి ఒక దుప్పటి తీసింది.

"ఆ రోజు నువ్వు నన్నేం అడగలేదే" అంది. "ఆ దొరసాని ఏదో అడిగింది. అది నువ్వు నాకు చెప్పావు. నేనన్నది ఆమెకి చెప్పావు. నువ్వు అడిగితే కదా నేను చెప్పేది."

పిలుపులమ్మ నోటుబుక్కు మూసి నిలబడింది.

"ఊరికే నిలబడకపోతే ఆ రెండో కొస పట్టుకో" అంది పిన్ని. "ఇది ఒక్కదానివల్ల కాదు."

పిలుపులమ్మ నోటుబుక్కు బల్ల మీద పడేసి, దుప్పటి రెండు కొసలూ పట్టుకుంది. ఇద్దరూ వెనక్కి జరిగి బిగించి లాగారు. చిన్నప్పుడు అమ్మా పిన్నీ ఇలాగే లాగుతుంటే మధ్యలోంచి తను దూరి పరిగెత్తేది. మడత పెట్టడానికి దగ్గరికి వచ్చారు. కొసలు అందిస్తూ, ముప్పై ఏళ్లుగా నోట్లోకి రాని కొండ యాసలో, పిలుపులమ్మ అడిగింది.

"కాలు ఎట్టా ఉంది పిన్నీ? నొప్పిగా ఉందా?"

పిన్ని చెప్పింది. దుప్పటి తర్వాత దుప్పటి మడతపెడుతూ, చేతులు ఆపకుండా చెప్పింది. మొదట తిమ్మిరెక్కిందని, తర్వాత చెప్పులో గులకరాయి ఉన్నా తెలియలేదని, వాసన వస్తోందని పక్క బల్లావిడ చెబితే తప్ప చూసుకోలేదని. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి మొహంలోకి చూస్తూ అడిగితే ఆవిడకి పోలీసులు అడిగినట్టు ఉంటుందట. ఖాళీ చేతులతో మాటలు రావట. మడతపెట్టిన దుప్పట్లు నడుమెత్తు అయ్యాయి.

"మరి హాల్లో క్లినిక్ ఉంది కదా పిన్నీ. రెండేళ్ల నుంచి ఉంది. అక్కడికి పోకపోయావా?"

"పోయాను" అంది పిన్ని.

పిలుపులమ్మ చేతుల్లో దుప్పటి ఆగింది.

"నాలుగు వారాలు పోయాను. బుధవారం అన్నారు. పనికి సెలవు పెట్టి పోయాను. తలుపు వేసి ఉంది. కొట్టి చూశా, ఎవరూ తియ్యలేదు. లోపల మనుషులున్నారు, మాటలు వినబడుతున్నాయి. గంటసేపు నిలబడి వచ్చేశా. నాలుగోసారి కాలు నిలబడనివ్వలేదు. ఇంక పోలేదు."

"తలుపు వేసి ఉండటమేంటి? బార్లా తెరిచి ఉంటుంది. బోర్డు కూడా ఉంది కదా."

"బోర్డేం లేదే. గిన్నెలు తోమే తొట్టి పక్కన కదా తలుపు."

వెనక తలుపు. కొండవైపు వాళ్లు ఆ హాలుకి ఎప్పుడూ ఏ తలుపు నుంచి పోతారో ఆ తలుపు దగ్గరికే పిన్ని పోయింది. పిలిచినా రారని రిపోర్టులో ఎక్కిన మనిషి పిలవకుండానే నాలుగుసార్లు వచ్చి, తట్టి, నిలబడి, వెళ్లిపోయింది. అదే సమయానికి ముందు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటూ కూర్చున్నది పిలుపులమ్మే. ఆ తట్టిన చప్పుడు ఏ ఒక్కసారైనా తనకి వినిపించిందేమో, గాలికి కొట్టుకుంటోంది అనుకుందేమో అని తర్వాత చాలా రోజులు ఆలోచించింది. గుర్తురాలేదు.

"పిన్నీ, ఇది పైన చెప్పనా?"

"చెప్పు. ఇందులో దాచేదేముంది?"

శుక్రవారం రిపోర్టులోంచి ఆ వాక్యం తీసేశారు. దాని చోట, స్టడీలో మాట్లాడినవాళ్లు ఎక్కువమంది ఒకే వీధివాళ్లని, మాట్లాడనివాళ్ల గురించి తమకి తెలిసింది తక్కువని డాక్టరమ్మ రాసింది. అంత పెద్ద చదువు చదివినావిడకి అలా రాయడం తేలిక కాదు. పిన్ని చెప్పింది కూడా చేర్చింది, పదమూడో నంబరు పేరుతో. నర్సుని ఇంకో ప్రాంతానికి పంపకుండా ఆపారు. ఇంక నుంచి పాదాలు చూడటానికి వారానికి ఒకపూట లాండ్రీకే దిగాలన్నారు. పిలుపులమ్మ ఉద్యోగం పోలేదు. కొత్తమ్మాయీ ఆమే కలిసి గీతలున్న పేర్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాలని నిర్ణయమైంది, వాళ్లు పని చేసుకునే చోటికే. వదినకి కోపం వచ్చి నెల్లాళ్లు మాట్లాడలేదు. నెల్లాళ్లు వదిన మాట్లాడకపోవడం ఇంట్లో పండగలా ఉందని మొగుడన్నాడు కాని, పిలుపులమ్మకి నవ్వు రాలేదు.

నర్సు లాండ్రీకి దిగడానికి ఇంకా రెండు వారాలు పడుతుందన్నారు. పుండు అన్నాళ్లు ఆగదు. అందుకని రిపోర్టు పంపాక వచ్చిన బుధవారమే ఆమె పిన్నిని తనే హాలుకి తీసుకెళ్లింది. బస్సు దిగి, పిన్ని చేయి పట్టుకుని మెల్లగా నడిపించింది. సందు మలుపు దగ్గర పిన్ని కాళ్లు అలవాటుగా వెనక వైపుకి తిరిగాయి. పిలుపులమ్మ చేయి వదల్లేదు. ముందు గుమ్మం దాకా తీసుకొచ్చింది. తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల కుర్చీల్లో వీధివాళ్లు కూర్చుని ఉన్నారు.

పిన్ని గడప దగ్గర ఆగింది. పట్టా మీద మంచి కాలు తుడుచుకుంది. కట్టు కట్టిన కాలికున్న ఆ పెద్ద చెప్పుని కూడా తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత బోర్డు వైపు చూసి, దారి అడిగినట్టు మామూలుగా అడిగింది.

"మేం కూడా ఇటునుంచి రావచ్చా?"

"రావచ్చు పిన్నీ. మొదటినుంచీ రావచ్చు."

"మరి ఎవరూ చెప్పలేదే" అంది పిన్ని, కుంటుకుంటూ లోపలికి వెళ్తూ.